ప్రశ్నార్థకం రాలిపోయిన చీటీ



షుగరు ఉందో లేదో తేలాలంటే కాస్త నెత్తురు తీస్తే చాలు. థైరాయిడ్ అయినా అంతే, ల్యాబు నుంచి అంకె వచ్చేస్తుంది. డిప్రెషన్‌కి అలాంటి పరీక్ష ఇప్పటిదాకా లేదు. దిగులూ ఉద్రేకమూ మార్చి మార్చి వచ్చే బైపోలార్‌కి లేదు, లేని గొంతులు వినపడే స్కిజోఫ్రీనియాకి లేదు. మరి తలకి స్కానింగ్ ఎందుకు రాస్తారంటే, లోపల గడ్డో, పాత దెబ్బో లేదని ఖాయం చేసుకోవడానికి. థైరాయిడ్ పరీక్ష రాసేదీ అందుకే. థైరాయిడ్ తగ్గిన మనిషి కూడా నీరసంగా, దిగులుగా, దేనిమీదా మనసు పెట్టకుండా, అచ్చం డిప్రెషన్ వచ్చినవాడిలాగే ఉంటాడు. అవన్నీ కాదని తేలాక మిగిలేవి మాటలే. రోగి చెప్పింది, ఇంట్లోవాళ్ళు చెప్పింది, ఎదురుగా కూర్చున్న మనిషిలో డాక్టరుకి కనపడింది. పేరు పెట్టేది వీటిని బట్టే.

నేను డాక్టర్ని కాను. ఒక ప్రభుత్వ ఆసుపత్రి మానసిక విభాగంలో సోషల్ వర్కర్‌గా పనిచేసి రిటైరయ్యాను. డాక్టరు చూసేముందు కేసు హిస్టరీ రాయడం నా పని. నిద్ర ఎప్పట్నుంచి లేదు, మొదట ఎవరు గమనించారు, తిండి ఎలా ఉంది, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా. ఆ పేరు పుట్టే గదికి పక్కబల్ల దగ్గర కూర్చున్నదాన్ని గనక దాని బలమూ తెలుసు, బలహీనతా తెలుసు. అది గది దాటి బయటికెళ్ళాక మనుషుల్ని ఏం చేస్తుందో ఇంకా బాగా తెలుసు.

పేరు పెట్టడానికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసే ఐసీడీ ఒక పుస్తకం, అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వేసే డీఎస్ఎం మరొకటి. మన ఆసుపత్రుల్లో ఎక్కువగా నడిచేది ఐసీడీ. అమెరికావాళ్ళ పుస్తకంలో డిప్రెషన్‌కి తొమ్మిది లక్షణాలు రాశారు. దిగులు, దేనిలోనూ ఆసక్తి లేకపోవడం, ఆ తర్వాత నిద్ర, ఆకలి, నీరసం, ఏకాగ్రత కుదరకపోవడం, తనను తాను నిందించుకోవడం, కదలికలు మందగించడమో కుదురు లేకపోవడమో, చావు ఆలోచనలు. వీటిలో అయిదు, రెండు వారాలపాటు ఉండాలి. మొదటి రెండింట్లో ఒకటైనా ఉండి తీరాలి. ఈ షరతుల ప్రకారం కూర్చుని లెక్కేస్తే 227 రకాల కలయికలు వస్తాయి. ఒకావిడకి నిద్రపట్టదు, అన్నం సయించదు, చిక్కి సగమైపోతుంది. ఇంకొకాయన పొద్దెక్కినా లేవడు, తింటూనే ఉంటాడు, లావెక్కుతాడు. ఇద్దరి చీటీ మీదా అదే మాట. ఇద్దరికీ కలిసిన లక్షణం ఒకే ఒక్కటి కావచ్చు, అయినా జబ్బు పేరు ఒకటే.

2013లో ఆ పుస్తకం అయిదో కూర్పు వచ్చింది. వేసేముందు ఒక పరీక్ష పెట్టుకున్నారు. ఒకే రోగిని ఇద్దరు డాక్టర్లు విడివిడిగా చూసి, ఒకే పేరు రాస్తున్నారా లేదా అని. మాట పూర్తిగా కలిస్తే 1 మార్కు, గుడ్డిగా బొమ్మాబొరుసూ వేసినట్టు ఉంటే సున్నా. పెద్ద ప్రమాదం, హింస లాంటివి చూశాక వచ్చే పీటీఎస్‌డీకి 0.67 వచ్చింది. ఫరవాలేదు. డిప్రెషన్‌కి వచ్చింది 0.28. లోకంలో అందరి నోటా నలిగే పేరుకి వచ్చిన మార్కు అది. అదే ఏడాది అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య పరిశోధన సంస్థకి పెద్దగా ఉన్న థామస్ ఇన్సెల్, ఈ పేర్లు లక్షణాల గుంపులే తప్ప వాటి వెనక కొలిచి చూపగల ఆధారం లేదని, తమ పరిశోధనల దారి ఈ పుస్తకం నుంచి మళ్ళిస్తామని బాహాటంగానే రాశాడు.

జబ్బుకీ జీవితానికీ మధ్య పుస్తకం గీసే గీత కూడా జరుగుతూ ఉంటుంది. స్వలింగ ప్రేమ 1973 దాకా ఆ పుస్తకంలో జబ్బే. ఆ ఏడాది డిసెంబరులో సంఘం ట్రస్టీలు తీసేశారు, మరుసటి ఏడు సభ్యులు ఓట్లేసి ఖరారు చేశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తీసేసరికి 1990 అయింది. నిన్న జబ్బు మనిషి, ఇవాళ మామూలు మనిషి, మధ్యలో ఒక్క మాత్ర వేసుకున్నది లేదు.

ఇంతకంటే మన ఇళ్ళకి దగ్గరిది చావు దుఃఖం. పాత కూర్పులో, దగ్గరివాళ్ళు పోయి రెండు నెలలు దాటకపోతే సాధారణంగా డిప్రెషన్ అని రాయకూడదనేవారు. 2013లో ఆ మినహాయింపు ఎత్తేశారు. భర్త పోయిన ఆవిడ అయినా సరే, లక్షణాలు అయిదుంటే రెండు వారాలకే ఆ పేరు రాయవచ్చు. ఎత్తేసినవాళ్ళ వాదనలోనూ న్యాయం లేకపోలేదు. దుఃఖం పేరు చెప్పి అసలైన డిప్రెషన్‌ని వదిలేస్తే ప్రాణాలు పోతాయి. కానీ పదకొండో రోజు భోజనాలు పెట్టిన ఇంట్లో ఇంకా ఎవరికీ ముద్ద దిగని సమయం అది. 2022లో 'ఎడతెగని దుఃఖం' అని మరో జబ్బును చేర్చారు. పెద్దవాళ్ళకి పన్నెండు నెలలు దాటాకే ఆ పేరు పెట్టాలన్నారు. ఐసీడీ అయితే ఆరు నెలలు చాలంది. మనవాళ్ళు మాసికాలు పెట్టుకుంటూ, పండగలు మానుకుంటూ సంవత్సరీకం దాకా దుఃఖానికి ఏడాది చోటిచ్చారు. అమెరికా పుస్తకం లెక్క తిరిగి తిరిగి మన ఏడాదికే వచ్చింది, ఐసీడీ సగం దారిలో ఆగింది. రెండు పుస్తకాలూ మాత్రం, ఆ మనిషి పుట్టిపెరిగిన ఆచారాన్ని బట్టి చూడమనే చెబుతున్నాయి.

ఇంత చెప్పాక, ఆ పేర్లన్నీ ఉత్తివే అని ఎవరైనా మందులు మానేస్తారేమోనని నాకు భయం. వద్దు. పేరుతో పని ఉంది. బైపోలార్ అని తేలితే లిథియం అనే మందు చాలామందిని ఏళ్ళతరబడి కాపాడుతుంది. అదే మనిషికి వట్టి డిప్రెషన్ అనుకుని డిప్రెషన్ మందొకటే ఇస్తే, కొందరిలో జబ్బు ఉద్రేకంలోకి తిరగబడుతుంది. రాత్రంతా మేలుకుని, ఊరందరికీ ఫోన్లు చేసి, ఉన్న పొలం అమ్మకానికి పెట్టిన మనుషుల్ని చూశాం. కాబట్టి ఏ మందు ఇవ్వాలి, ఏది ఇవ్వకూడదు, మళ్ళీ ఎప్పుడు చూడాలి, ఇవి తేల్చుకోవడానికి డాక్టరు రాసుకునే మాట అది. ఆ పనికి అది బాగానే అక్కరకొస్తుంది. ఇంకో మేలు కూడా ఉంది. ఏళ్ళతరబడి సోమరి అనీ, దొంగ ఏడుపులనీ మాటలు పడ్డ పిల్ల, ఇది జబ్బమ్మా అని డాక్టరు అనగానే బల్ల మీద తలపెట్టి ఏడ్చిన రోజులున్నాయి. ఆ ఏడుపు బాధతో వచ్చింది కాదు.

డాక్టర్లు ఇంకో పని చేస్తారు, చాలామంది గమనించరు. మొదటిసారి చూసినప్పుడు జబ్బు పేరు ముందు ఒక ప్రశ్నార్థకం పెడతారు. అంటే ఇదేమో అని నా అనుమానం, ఇంకా చూడాలి అని. నెలకో రెండు నెలలకో అదే రోగి మళ్ళీ వస్తాడు. ఈసారి కొత్త జూనియర్ డాక్టరు ఉంటాడు. బయట వరస తలుపుదాకా ఉంటుంది. పాత చీటీ చూసి కొత్త చీటీ మీదికి జబ్బు పేరు ఎక్కిస్తాడు, ప్రశ్నార్థకం ఎక్కించడు. మూడో చీటీ దగ్గరికొచ్చేసరికి అది రాతిమీద చెక్కినంత ఖాయం. కొత్త సంగతి ఒక్కటీ బయటపడలేదు, రోగిని ఎవరూ కొత్తగా అడిగింది లేదు. అనుమానం రాలిపోయింది, అంతే.

ఒకావిడ ఉండేది. కొడుకుని తీసుకుని రెండు బస్సులు మారి వచ్చేది. పసుపచ్చ ప్లాస్టిక్ కవరులో చీటీలన్నీ తేదీల వరసన పెట్టి, రబ్బరు బ్యాండు వేసి తెచ్చేది. చదువు రాదు, కానీ అక్షరాల ఆకారం గుర్తుపట్టేది. ఒకరోజు నా ముందు రెండు చీటీలు పరిచి, పేరున్న చోట వేలు పెట్టి అడిగింది. "అప్పుడు రాసిందీ ఇప్పుడు రాసిందీ ఒకలా లేవమ్మా. మావాడికి రోగం మారిందా, పేరు మారిందా?" ముందు రాసింది స్కిజోఫ్రీనియా, తర్వాత రాసింది బైపోలార్. రోగం అదే. మొదటిసారి వచ్చినప్పుడు కుర్రాడు చెవిలో గొంతులు వినపడుతున్నాయన్నాడు. ఆ గొంతులు ఉద్రేకం ఎక్కినప్పుడే వస్తున్నాయని, అది దిగాక పోతున్నాయని తెలియడానికి మూడేళ్ళు పట్టింది. ఇందులో డాక్టరు తప్పేమీ లేదు. కొన్ని జబ్బులు కాలం గడిస్తేగాని తమ అసలు రూపు చూపించవు. ఆవిడకి కోపం రాలేదు. "అయితే ఇది కూడా మారొచ్చన్నమాట" అని, చీటీలు మళ్ళీ వరసన సర్దుకుంది. పెద్ద చదువులు చదివిన చాలామందికి ఎంత చెప్పినా ఎక్కని సంగతి అది.

పేరు ఒకసారి పడ్డాక మనిషి ఏం చేసినా అందులోంచే కనపడుతుందని చూపించడానికి డేవిడ్ రోజన్‌హాన్ అనే అమెరికన్ ఆచార్యుడు 1973లో సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఏ జబ్బూ లేని ఎనిమిది మంది పన్నెండు ఆసుపత్రులకి వెళ్ళి, మాకేవో గొంతులు వినపడుతున్నాయని చెప్పారట. అన్నిచోట్లా చేర్చుకున్నారు. చేరాక గొంతులు పోయాయన్నారు, మామూలుగా మసలుకున్నారు. సగటున పందొమ్మిది రోజులు ఉంచారు. ఒకరిని 52 రోజులు. చూసినవన్నీ నోటుబుక్కులో రాసుకుంటుంటే ఆ రాసుకోవడం కూడా జబ్బు లక్షణం కింద కేసు షీటులో చేరింది. ఇళ్ళకి పంపేటప్పుడు జబ్బు లేదని రాయలేదు, స్కిజోఫ్రీనియా ప్రస్తుతానికి నెమ్మదించింది అని రాశారు. ఆ వ్యాసం చాలా పేరు తెచ్చుకుంది. అయితే 2019లో సుసానా కహాలన్ అనే జర్నలిస్టు పాత కాగితాలన్నీ తవ్వి, అందులో చెప్పినవి కొన్ని అసలు సంగతులతో కలవడం లేదనీ, ఆ మనుషుల్లో చాలామంది జాడే దొరకలేదనీ పుస్తకం రాసింది. కాబట్టి ఆ అంకెల్ని నేను పట్టుకు వేళ్ళాడను. కానీ ఈ కథ తెలియడానికి మనకి అమెరికా దాకా పోనక్కర్లేదు. పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట అని మన సామెత. కుదిరిందని ఎవడు చెప్పినా వాడికింకా కుదరలేదనే దాని భావం. తరతరాలుగా నవ్వుకుంటూ చెప్పుకుంటున్నాం.

మనిషిని పేరులోంచే చూసే ఈ చూపు ఆసుపత్రికంటే ఇంట్లో ఎక్కువ బాధపెడుతుంది. జబ్బు నయమై, ఉద్యోగం చేసుకుంటున్న అమ్మాయి, ఆస్తి పంపకంలో అన్నయ్య తనకి అన్యాయం చేశాడని గొంతు పెంచి అడుగుతుంది. వదిన, అమ్మ, మేనమామ, అందరూ ఒక్కసారి ఆగి, "ఈ పూట మందు వేసుకున్నావా?" అంటారు. ప్రేమగానే అంటారు. దాంతో ఆస్తి మాట అక్కడితో పోయింది. కోపం వస్తే జబ్బు, ఎక్కువ నవ్వితే జబ్బు, పండక్కి కొత్త చీర రెండు కొంటే జబ్బు తిరగబడుతోందని అనుమానం. రోగులు నాకు చెప్పుకున్న బాధల్లో మందుల వల్ల వచ్చే వణుకు, లావు తర్వాత ఎక్కువగా విన్నది ఈ ఒక్క ప్రశ్న గురించే. నిజంగా మందు మరిచిపోయిన రోజులూ ఉంటాయి, అదీ కాదనను. ఎప్పుడు అడగాలో తెలియడమే కష్టం.

ఇక ఆ పేరు ఎక్కే గుమ్మాలు. ఆఫీసుకి సెలవు చీటీ కావాలంటే "వైరల్ ఫీవర్ అని రాయండి సార్" అని బతిమాలుకుంటారు. పెళ్ళి సంబంధం మాట వచ్చిందా, పాత చీటీలన్నీ అటక ఎక్కుతాయి. అదే కుటుంబం, వికలాంగుల సర్టిఫికెట్లిచ్చే సదరం క్యాంపు రోజున అవే చీటీలు దింపి, దుమ్ము దులిపి, జిరాక్సులు తీయించి పట్టుకొస్తుంది. పింఛను రావాలంటే సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌లో నలభై శాతమైనా పడాలి. సంబంధంవాళ్ళ ముందు "బాగా మాట్లాడరా" అని కొడుక్కి నేర్పిన తల్లే, సదరం బల్ల దగ్గర "నువ్వేమీ మాట్లాడకు" అని చెవిలో చెప్పడం నేను విన్నాను. ఆవిడ మోసగత్తె కాదు. ఒకచోట లేదనిపించుకోవాలి, ఇంకోచోట ఉందనిపించుకోవాలి, మధ్యలో ఆ కుర్రాడు నిజంగా ఎలా ఉన్నాడో అడిగే నాథుడు లేడు.

విచిత్రం ఏమిటంటే, ఆ సదరం బల్ల దగ్గర వాడే కొలబద్ద ఈ విషయంలో మెరుగు. ఐడియాస్ అంటారు దాన్ని, మన దేశపు సైకియాట్రీ సంఘం తయారుచేసిందే. జబ్బు పేరు చూసి శాతం వేయదు. తన పనులు తాను చేసుకోగలడా, నలుగురితో కలుస్తున్నాడా, చెప్పింది అర్థం చేసుకుని మాట్లాడగలుగుతున్నాడా, పని చేయగలుగుతున్నాడా, ఎన్నాళ్ళుగా ఇలా ఉంది అని అడుగుతుంది. ఒకే పేరున్న ఇద్దరిలో ఒకరికి పది శాతమూ రాకపోవచ్చు, ఇంకొకరికి డెబ్బై దాటవచ్చు.

కోర్టులూ ఆ దారికే వచ్చాయి. హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాల కింద మానసిక వ్యాధి ఉంది. 1976లో దానికి వివరణ చేర్చినప్పుడు స్కిజోఫ్రీనియాని పేరుపెట్టి మరీ రాశారు.  అయితే పేరు ఉన్నంత మాత్రాన విడాకులు రావని, ఇద్దరూ కలిసి బతకలేనంత తీవ్రత ఉండాలని సుప్రీంకోర్టు 1988లోనే చెప్పింది. మన ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఒక కేసు అక్కడ 2013లో తేలింది. భార్యాభర్తలిద్దరూ డాక్టర్లు. భార్యకి స్కిజోఫ్రీనియా ఉందని భర్త విడాకులు కోరాడు. కింది కోర్టు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, సుప్రీంకోర్టు హైకోర్టు మాటే నిలబెట్టింది. ఆవిడ పై చదువు పూర్తిచేసింది, ప్రభుత్వ వైద్యురాలిగా పని చేసుకుంటోంది. బీపీ, షుగరులాగే మందులతో అదుపులో ఉండే జబ్బిది అన్న నిపుణుడి సాక్ష్యాన్ని కోర్టు లెక్కలోకి తీసుకుంది. చీటీ మీద ఏం రాశారని కాకుండా ఆవిడ ఏం చేస్తోందని చూశారు.

2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షను ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాల్సింది. ఒకప్పుడు చికిత్స చేయించుకున్నాడు గనక, ఆసుపత్రిలో ఉన్నాడు గనక ఇప్పుడూ రోగే అని తేల్చడానికి వీల్లేదు. కులాచారానికో, ఇంటి కట్టుబాటుకో ఎదురు తిరిగిందని జబ్బు అంటగట్టడానికి వీల్లేదు. జబ్బుందని డాక్టరు రాసినంత మాత్రాన మతిస్థిమితం లేనివాడని కాదు, అది కోర్టు చెప్పాల్సిన మాట. మీ వైద్య రికార్డులు అడిగి తీసుకునే హక్కు కూడా ఇదే చట్టం ఇచ్చింది. తీసుకోండి. తీసుకుని డాక్టర్ని నదురూ బెదురూ లేకుండా అడగండి. ఇది ఖాయమా, ఇంకా చూస్తున్నారా? దేన్ని చూసి ఈ పేరు రాశారు? మళ్ళీ ఎప్పుడు సరిచూస్తారు? మంచి డాక్టరు విసుక్కోడు. డాక్టరు దాకా వెళ్ళలేని రాత్రి ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలీ మానస్ అని ప్రభుత్వం 2022లో పెట్టింది, తెలుగులో మాట్లాడతారు.

చివరగా అందరూ అడిగేది ఒకటుంది. పెళ్ళికి ముందు చెప్పాలా వద్దా? చెప్పాలి. దాచిన పెళ్ళి మోసం కింద రద్దయ్యే దారి చట్టంలోనే ఉంది, అదొక్కటే కారణమూ కాదు. ఎలా చెప్పాలన్నదే అసలు సంగతి. ఒక తండ్రి చెప్పిన తీరు నాకు నచ్చింది. "మావాడికి కొన్నేళ్ళ కిందట జబ్బు చేసింది. మందు వాడుతున్నాడు. ఉద్యోగం మానలేదు. నిద్ర తగ్గితే మాకు తెలుస్తుంది, వెంటనే తీసుకెళ్తాం. డాక్టరుగారి దగ్గరికి మీరూ రండి, మేమూ వస్తాం" అన్నాడు. మొదటి సంబంధంవాళ్ళు మళ్ళీ ఫోన్ ఎత్తలేదు. రెండోవాళ్ళు వచ్చారు, అమ్మాయితో సహా. జబ్బు పేరేమిటో ఆ అమ్మాయి అడగలేదు. ఈ మందులు ఎన్నాళ్ళు వాడాలి, పిల్లలు పుడితే వాళ్ళకీ వస్తుందా అని అడిగింది. "చాలాకాలమే వాడాలి, ఎన్నాళ్ళో ఇప్పుడే చెప్పలేను. పిల్లలకి వచ్చే అవకాశం మామూలు కంటే ఎక్కువే, కానీ ఎక్కువమందికి రాదు" అన్నారు డాక్టరుగారు. ఆలోచించుకుని చెబుతామని లేచారు.